బదులు పలికిన గొంతు

కుమ్ ఎలైన్ లోయలో ఇథెల్ ఒక్క మనిషికే కనిపిస్తున్నాడు. ఆ మనిషి అతని భార్య మెరెరిద్.

శుక్రవారం వంతెన దాటగానే వాళ్ళ క్యాంపర్ వ్యాన్ ఆవిరి కక్కి నిలిచిపోయింది. అప్పట్నుంచీ ఇదే తంతు. సరుకుల కొట్టు ఆవిడ మెరెరిద్‌కి రొట్టె అందిస్తూ, ఒంటరిగా ఊళ్ళు తిరగడానికి భయం వెయ్యదా అమ్మా అని అడిగింది. ఇథెల్ ఆమె పక్కనే పాలసీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెకానిక్ గెథిన్ బండి కిందికి దూరి చూసి, నీళ్ళ పైపు పగిలిందన్నాడు. రేపు ఆదివారం కాబట్టి ముట్టుకోనని, సోమవారం చూస్తానని శనివారం చెప్పాడు. అన్నీ మెరెరిద్‌తోనే. ఇథెల్ ఏదైనా అడిగితే జవాబు ఆమె మొహంలోకి చూసి ఇచ్చేవాడు. ఆమె మొదట వీళ్ళు మోటు మనుషులనుకుంది. తర్వాత చెవుడేమో అనుకుంది. చివరికి శనివారం సాయంత్రం గెథినే ఆమెను షెడ్డులోకి పిలిచి సంగతి చెప్పాడు.

ఈ లోయలో ఇథెల్ అని ఒకడుండేవాడు. మా లౌరిని చేసుకున్నాడు. గొర్రెల్ని కొండ దించే రోజున పొగమంచు కమ్మితే, పెళ్ళాన్ని పైన వదిలేసి తను దిగి వచ్చాడు. ఆమె బండల కింద దొరికింది. ఆ రోజే వాడూ పోయాడని అనుకున్నాం. పోయినవాళ్ళతో మాకు మాటలుండవు.

మెరెరిద్ అంతా విని వచ్చింది. రాత్రి ఏమీ అనలేదు. బండిలో మడతమంచం ఒక్కటే. ఇద్దరూ దాని రెండు అంచుల మీద పడుకున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు మిగిలింది.

తెల్లవారింది. ఆదివారం. మెరెరిద్ గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఆమె మాట్లాడని పొద్దు ఇథెల్ ఇంతవరకూ చూడలేదు. ఆమె దక్షిణాన బొగ్గుగనుల ఊళ్ళలో పుట్టిన మనిషి. ఆసుపత్రి వంటింట్లో ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద గిన్నెల మధ్య అరిచి అరిచి, మామూలు మాట కూడా వీధి చివరికి వినబడేలా మాట్లాడుతుంది. ఈ ప్రయాణం ఆమె కోరిక. బండి లోపలి గోడకి దేశపటం అంటించి కోటల చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రాలు గీసింది. కాన్వీ చూశారు. కెర్నార్వన్ చూశారు. హార్లెక్ కోట గోడెక్కి, కింద సముద్రం వెనక్కి వెళ్ళిపోయిన చోట ఇళ్ళు కట్టుకున్నవాళ్ళని చూసి ఆమె నవ్వింది. మనల్ని తొక్కడానికి ఇంగ్లీషు రాజు కట్టిన కోటలకి మనమే టికెట్టు కొనుక్కుని చూడాలి, అని ఇథెల్ ప్రతి గేటు దగ్గరా గొణిగాడు. ప్రతి గేటు దగ్గరా ఆమె, నోరు మూసుకుని నడువు, రాజు పోయి చాలా కాలమైంది అంది.

ఆ పటంలో కుమ్ ఎలైన్ చుట్టూ గుండ్రం లేదు. ఇథెల్ పెట్టిన షరతు అదొక్కటే. కానీ పెద్దరోడ్డు మీద కొండ విరిగిపడితే పోలీసులు అందరినీ ఈ దారికి మళ్ళించారు. అతను క్షమాపణ అడగడానికి రాలేదు. ఇవ్వడానికీ రాలేదు. పైపు పగిలి ఆగాడు.

మెరెరిద్ రెండు కప్పుల్లో టీ పోసింది. తన కప్పు తీసుకుని ఎదురుగా కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను చేసుకునేదానివా?"

"అది నేను తేల్చుకోవాల్సిన మాట. నువ్వు తేల్చేశావు."

అతను టీ తాగాడు. చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎన్నోసార్లు లోపల చెప్పుకుని అరగదీసిన కథ.

చలికాలం ముందు గొర్రెల్ని కొండ దించుతారు. అది ఒక్కడి పని కాదు. లోయలో ప్రతి ఇంటినుంచీ మనుషులు కొండ చుట్టూ వరసగా నిలబడతారు. ఎవరి చోటు వాళ్ళది, తాతల నాటిది. ఎవరి దారిన వాళ్ళు చీకటితోనే ఎక్కుతారు. పైనుంచి అందరూ కలిసి తోలుకుంటూ దిగుతారు. పొగమంచు పడితే ఒకరికొకరు కనబడరు. అప్పుడు పిలవాలి. ప్రతి ఇంటికీ ఒక పిలుపుంటుంది. పక్క మనిషి తన ఇంటి పిలుపుతో పలకాలి. పలికితేనే అడుగు కిందికి వెయ్యాలి. పలక్కపోతే ఉన్నచోటే నిలబడాలి, రాత్రయినా, వానొచ్చినా. ఆ లోయలో అంతకు మించిన కట్టుబాటు లేదు.

ఇథెల్ పక్క చోటు లౌరిది. ముందురోజు రాత్రి ఆమె పుట్టింట్లో, బ్రిన్ గ్లాస్‌లో పడుకుంది. అటునుంచే ఎక్కుతానంది. మధ్యాహ్నానికి మంచు దిగింది. అతను పిలిచాడు. పైనుంచి బ్రిన్ గ్లాస్ పిలుపు బదులొచ్చింది. అతను దిగాడు.

మూడో రోజు ఆమె దొరికింది. కొండ దించిన రోజు పొద్దున్నే పోయిందని డాక్టరు చెప్పాడు. మంచు పడకముందే. మధ్యాహ్నం పలికే మనిషి అప్పటికి లేదు.

"విచారణ చేసిన అధికారి ప్రమాదం అన్నాడు. లోయ ఆ మాట అనలేదు. నేను పిలవలేదన్నారు. పిలిచినా పలుకు కోసం ఆగలేదన్నారు. ప్రార్థనకి వెళితే చాపెల్‌లో నేను కూర్చున్న బల్ల మీంచి అందరూ లేచి వెళ్ళారు. మరుసటి ఏడు కొండ దించడానికి నా పక్కన ఎవరూ నిలబడలేదు. ఒక్కడు మందని దించలేడు. గొర్రెలు ఆ కొండకి అలవాటుపడ్డవి, వేరే చోట బతకవు. వాటిని కొండకే వదిలి నేను వచ్చేశాను."

"పలుకు విన్నావా, లేదా? ఆ ఒక్కటీ చెప్పు."

"విన్నాను."

"అందరూ లేదంటున్నారు."

"అందరూ అక్కడ లేరు."

ఆమె అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. వంటింట్లో ఉడికిందో లేదో చూడటానికి మూత తీసి చూసే చూపు అది. ఉడకలేదు.

బండికి తాళంచెవులు రెండు. ఒకటి శుక్రవారమే గెథిన్‌కి ఇచ్చారు. రెండోది ఎప్పుడూ ఇథెల్ జేబులో ఉండేది. నిన్నటినుంచి అది మెరెరిద్ కోటులో ఉంది.

"బండి బాగవగానే నేను బయల్దేరతాను," అందామె. "పక్క సీట్లో నువ్వుంటావో, నా సంచి ఉంటుందో ఇంకా తెలీదు. లే. కోటు వేసుకో. ఇవాళ పూల ఆదివారం. ఊరంతా సమాధుల దగ్గరే ఉంటుంది. నాకు చెప్పినమాట ఆవిడ ముందర నిలబడి చెప్పు. నీ మొహం చూస్తాను."

అతను లేచి కోటు తగిలించుకున్నాడు.

బండి దిగేసరికి పక్కనున్న షెడ్డులో సుత్తి చప్పుడు వినిపించింది. ఇథెల్ ఆగాడు. గెథిన్ తండ్రి చాపెల్ పెద్ద. ఆ ఇంట్లో ఆదివారం చొక్కా గుండీ తెగినా కుట్టరు. నిన్న ముట్టుకోనన్నవాడు, పూల ఆదివారం పొద్దున్నే తలుపు సగం దించుకుని వాళ్ళ బండికి పైపు తయారు చేస్తున్నాడు. మమ్మల్ని సాగనంపడానికి ఇంత తొందరా అని ఇథెల్ అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించలేదు.

చాపెల్ గుట్ట మీద ఉంది. గాలి కోసే చలి. దారి పొడుగునా మెరెరిద్ ముందు నడిచింది, చేతిలో కొట్టులో కొన్న పసుపు డాఫొడిల్ పూలకట్ట. ఎదురైనవాళ్ళు ఆమెకు తలలూపారు. శుభోదయం అమ్మా అన్నారు. వాళ్ళ చూపులు అతని భుజం దగ్గరికి వచ్చి, గాజులోంచి పోయినట్టు అవతలికి పోయాయి. ఒకావిడ పక్కకి తప్పుకోకుండా నేరుగా నడిచి వచ్చింది. ఇథెలే తప్పుకున్నాడు. గడ్డిలోకి దిగి నిలబడ్డాక, తన బూటు కింద మంచు కరకరలాడిందా లేదా అని వినబోయాడు. అలా వినబోయినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

సమాధుల తోట అప్పుడే కడిగిన వంటపాత్రల్లా మెరుస్తోంది. ఈస్టరుకి ముందు ఆదివారం కదా. రాళ్ళు తోమి, గట్లకి సున్నం వేసి, జాడీల్లో పూలు పెడుతున్నారు. పూలులేని సమాధి ఉంటే ఆ ఇంటికి తలవంపు. ఇథెల్ ఇన్నేళ్ళూ ఒక్క పువ్వు పంపలేదు. లౌరి రాయి నాచు పట్టి ఉంటుందనుకున్నాడు.

లేదు. నల్ల పలకరాయి నూనె రాసినట్టుంది. చుట్టూ గట్టుకి తెల్లటి తడి సున్నం. మోకాళ్ళ మీద కూర్చుని ఒక ముసలావిడ కుంచెతో ఆ సున్నం పూస్తోంది. పక్కన బకెట్టు. పక్కన మూతి నెరిసిన కుక్క.

అనెస్ట్. లౌరి అక్క.

ఇథెల్ నోటినుంచి పాతమాట దానంతటదే వచ్చింది. "వదినా."

ఆమె తల ఎత్తింది. మెరెరిద్‌ని చూసింది. "జాగ్రత్తమ్మా, సున్నం పచ్చిగా ఉంది. కోటుకి అంటుకుంటే పోదు. మీరెవరి తాలూకు?"

మెరెరిద్ ముందుకు వంగింది. రాయిని చదువుతోంది. ఇథెల్‌కి ఆమె కళ్ళు ఏ గీత మీద ఆగాయో తెలుసు. లౌరి పేరు కింద అతని పేరుంది. అతనే చెక్కించుకున్నాడు. లోయలో భార్య పోతే మగవాడు చేసే పనే. కింద 'ఆమె భర్త' అని పేరు వేయించి, తేదీకి చోటు వదిలిపెడతారు. శోకంలో ఉన్నవాడికి తను మళ్ళీ పెళ్ళాడతాడని తట్టదు. ఇలాంటి రాళ్ళు దేశమంతా ఉన్నాయి. రెండో భార్యలు వాటి ముందు నోరు మూసుకుని నిలబడతారు.

కానీ అతను వదిలిన చోటు ఇప్పుడు ఖాళీగా లేదు. తేదీ చెక్కి ఉంది. లౌరి పోయిన తేదీయే. అదే నెల, అదే ఏడు. అక్షరాల అంచులు పాతబడ్డాయి. చెక్కి చాలా కాలమైంది.

"మూడు కోటలు చూపించావు," అంది మెరెరిద్. "దీన్ని దాచావు."

"తేదీ నేను వేయించలేదు."

"నాకు పెళ్ళయ్యేసరికే నువ్వు పోయి చాలా ఏళ్ళయిందన్నమాట." ఆమె నవ్వబోయి మానేసింది. "మరి నన్నెక్కడ పెడతారు ఇథెల్? గట్టు మీదా?"

అతను గట్టు దగ్గరికి వచ్చాడు. తన పేరు పక్కన తన చావు రాసి ఉంటే మనిషి ముట్టి చూడకుండా నమ్మడు. చెయ్యి చాచి ఆ అంకెలు ముట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి. వేళ్ళు కూడా అంతే చల్లగా ఉన్నాయి. ఏది ఏదో తెలియలేదు.

అనెస్ట్ కుంచె ముంచింది. అతని చేతి కిందుగా, అక్కడ ఎవరూ లేనట్టు, గట్టు పూస్తూ పోయింది.

"సరే," అంది మెరెరిద్. "ఆవిడ ముందర ఉన్నావు. చెప్పు."

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కుక్క లేచింది.

గోడ అవతల పొలంలో గొర్రెలు ఈనే కాలం. పొద్దున పుట్టిన పిల్లలు వణుకుతూ నిలబడి ఉన్నాయి. ముసలి కుక్కకి ఏ పాత పని గుర్తొచ్చిందో, గోడ సందులోంచి దూరి వాటివైపు పరిగెత్తింది. పొలంలో మనిషి కేకేశాడు. ఈ కాలంలో పిల్లల మీదికి పోయిన కుక్కని తుపాకీతో కొడతారు, ఎవరిదైనా సరే. అనెస్ట్ లేచి నిలబడింది. ఈల వెయ్యడానికి రెండు వేళ్ళు నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. వేళ్ళకి సున్నం. ఆగింది. కుక్క ఆగలేదు. ఆమె తల వెనక్కి వాల్చి పిలిచింది.

రెండు మెట్లు పైకెక్కి, చివర విరిగి, విరిగినచోట మళ్ళీ సన్నగా మొలిచే పిలుపు.

ఇథెల్ అనెస్ట్ వైపు తిరగలేదు. రాయి వైపు తిరిగాడు. లౌరి పిలిచింది. ఆమె గొంతే, ఆ మధ్యాహ్నం మంచులోంచి వచ్చిందే. ముసలితనం లేదు, తడి లేదు, కోపం లేదు. పోయినవాళ్ళకి వయసు పెరగదు కదా. అతను రాయి మీదికి వంగాడు. ఒక చెయ్యి తడి గట్టు మీద పడి సున్నంలో దిగింది.

కుక్క తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వెనక్కి వచ్చింది. తోటలో కుంచెలు ఆగిపోయాయి.

అనెస్ట్ మామూలుగా మాట్లాడితే రంపం కోసినట్టుంటుంది. పిలిచే గొంతు వేరు. అది మనిషిలోంచి రాదు, ఇంట్లోంచి వస్తుంది. తండ్రి ఇద్దరు కూతుళ్ళకీ ఒకటే పిలుపు నేర్పాడు. కానీ అనెస్ట్ పిలవగా ఇథెల్ ఎన్నడూ వినలేదు. ఆమె చోటు వాగు అవతల, కొండకి దూరపు భుజం మీద, వరసలో చివరిది. అక్కడ ఆమెకి పిలుపుతో పనిలేదు. కుక్కల్ని ఈల మీదే నడిపేది. వాగు అవతలే ఉన్నానని, ఎవరికీ పలకలేదని విచారణలో ప్రమాణం చేసింది. అక్కణ్ణుంచి గొంతు ఇవతలికి రాదు. అందుకే అతను ఇన్నేళ్ళూ రెంటిలో ఒకటి నమ్ముతూ వచ్చాడు. తనకు మతి చలించిందని. లేదా పోయిన మనిషి పలికిందని. పగలు మొదటిది నమ్మేవాడు. చీకటి పడితే రెండోది.

"అదే," అన్నాడు మెరెరిద్‌తో. "నేను విన్నది అదే."

మెరెరిద్ అతని మొహం చూసింది. ఆమె చూడాలని వచ్చింది ఆ మొహమే. పూలకట్ట గట్టు మీద పెట్టి అనెస్ట్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, ఆయన ఒక మాట అడుగుతున్నాడు. ఆ రోజు మీరెక్కడ నిలబడ్డారని."

"ఎవరమ్మా అడిగేది?"

"రాతి మీద ఉన్నాయన."

అనెస్ట్ కుంచె పిండింది. సున్నం వేళ్ళ మధ్యనుంచి కారింది. "వాగు అవతల. లోయలో అందరికీ తెలుసు."

"అక్కణ్ణుంచి ఈ పిలుపు నాకు వినబడదని చెప్పు," అన్నాడు ఇథెల్.

మెరెరిద్ చెప్పింది. బతికినవాళ్ళకీ పోయినవాళ్ళకీ మధ్య మాటలు మోసే సోదెకత్తెలా, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పింది.

"వినబడదు," అంది అనెస్ట్. "నేను పిలవలేదు కాబట్టి."

"మరి ఎవరు పలికారని అడుగుతున్నాడు."

"ఎవరూ పలకలేదు. వాడు వినలేదు."

వాడు. ఇన్నేళ్ళకి ఆమె నోట అతని గురించి వచ్చిన మొదటి మాట అది. పక్క సమాధుల దగ్గర తలలు లేచాయి. ఆమె కూడా విన్నది తన మాటని. పెదవులు బిగించింది.

"ఇంకొక్కసారి పిలవమను," అన్నాడు ఇథెల్. పాతకోపం వెన్నెముకలో కర్రలా నిలబడింది. "కుక్క కోసం కాదు. నాకోసం. లౌరి గొంతు ఎరిగినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళనే విని చెప్పమను."

మెరెరిద్ ఆ మాట మామూలు గొంతుతోనే చెప్పింది. ఆమె మామూలు గొంతు కాబట్టి తోటంతా విన్నది.

అనెస్ట్ పిలవలేదు. పిలవక్కర్లేకపోయింది. గోడవార రాయి తోముతున్న ఒక ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇథెల్ వైపు చూడలేదు. నేలచూపు చూస్తూ అన్నాడు.

"లౌరి పిలుపే, అనెస్ట్. నాకూ ఒళ్ళు జలదరించింది."

గాలి ఒకసారి పూలని వంచి వదిలింది. అనెస్ట్ గట్టు మీద కూర్చుండిపోయింది. పచ్చి సున్నం గౌనుకి అంటుతుందని చూసుకోలేదు. కుక్క వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడుకుంది.

"వాగు దాటాను," అంది. "ఇవతలికి వచ్చాను. లౌరి చోట్లో నిలబడ్డాను. పలికాను."

ఇథెల్ అనుకునేవాడు, ఈ మాట వినే రోజు వస్తే తనలో ఏదో తేలిక పడుతుందని. పడలేదు. పొలం పోయింది. ఈ మనిషి మౌనం కింద సగం బతుకు పోయింది. ఏటేటా వచ్చి ఈ రాయి తోమింది. తోముతూ తోముతూ అతని తేదీని కూడా తోమింది. ఆమె మీద జాలి వస్తుందేమోనని లోపల వెతికి చూసుకున్నాడు. కనబడలేదు.

అతని చేతిలో ఏదో చల్లగా తగిలింది. మెరెరిద్ తాళంచెవి పెట్టింది. సున్నం మెత్తిన అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

"నువ్వే నడుపు," అంది. ఎవరికీ వినబడకుండా. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని అతనికి తెలియదు.

అప్పుడు అనెస్ట్ మొహం ఎత్తింది. ఎదుటివాణ్ణి నేరుగా చూసింది. "ఇథెల్," అంది. పేరు తుప్పుపట్టిన గడియ తీసినట్టు వచ్చింది. "ఆవిణ్ణి కాస్త అవతలికి వెళ్ళమను. మిగతాది ఆవిడ వినేది కాదు."

"వెళ్ళదు. ఒకసారి దాచాను, చాలు. చెప్పు."

"నువ్వు వినలేవు."

"పోయినవాణ్ణి వదినా. నాకింకేం కాదు."

అనెస్ట్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెల్లటి చేతులు, మోచేతుల దాకా. "లౌరి నన్ను అడిగింది. ముందురోజు రాత్రే. రేపు కొండకి రానంది. 'ఆయన పిలిస్తే నా బదులు నువ్వు పలుకు అక్కా, ఇద్దరిదీ ఒకటే గొంతు, ఆయనకి తెలీదు' అంది. సాయంత్రానికి వచ్చేస్తానంది. నేను పలికాను. తర్వాత అది దొరికాక, పలికింది నేనని చెబితే అది ఎక్కడికెళ్ళిందో కూడా చెప్పాలి. నీ పేరు పోయినా ఫరవాలేదనుకున్నాను. దాని పేరు పోకూడదు."

"ఎక్కడికెళ్ళింది?"

అనెస్ట్ తల పక్కకి వంచింది. ఆమె చూపు అతని భుజం మీదుగా కిందికి, దారి మీదికి పోయింది. ఈసారి అతను గాజైనందుకు కాదు. అక్కడ ఏదో ఉన్నందుకు.

ఇథెల్ తిరిగాడు. గుట్ట దారిలో వాళ్ళ బండి ఎక్కి వస్తోంది. పైపు బాగైంది. కిటికీకి మెరెరిద్ కుట్టిన ఎర్ర తెరలు ఊగుతున్నాయి. గెథిన్ నడుపుతున్నాడు. ఆదివారం పూట, చాపెల్ దగ్గరికి, అందరూ చూస్తుండగా బండి తెచ్చి అప్పగించి వీళ్ళని లోయ దాటించేద్దామని వస్తున్నాడు.

గేటు ఇంకాస్త దూరం ఉండగా బండి ఆగింది. అనెస్ట్ ఇథెల్‌తో మాట్లాడటం గెథిన్‌కి ముందు అద్దంలోంచి కనబడింది. ఆమె ఒళ్ళోంచి సున్నపు వేలు ఒకటి తనవైపే మెల్లగా లేవడం కూడా కనబడింది. అతని కళ్ళు అక్కణ్ణుంచి కదిలి ఇథెల్ మొహం మీద నిలిచాయి. భుజం మీద కాదు, పక్కన కాదు. మొహం మీద.

శుక్రవారంనుంచి మొదటిసారి గెథిన్ అతన్ని చూశాడు.

ఇథెల్ అడుగు వేసేలోగా బండి గేరు గరగరమంది. ఇరుకు దారిలో, రెండు రాతిగోడల మధ్య, ఎర్ర తెరలూ కోటల పటమూ వాళ్ళ మడతమంచమూ అన్నీ లోపల పెట్టుకుని, అది వెనక్కి పోవడం మొదలుపెట్టింది.